తాడు పట్టుకునేది ఎవరు?

కుటుంబ పాఠం



కొన్ని నెలల క్రిందట ఒక ఆదివారం పూజ ముగిసిన తర్వాత మన విచారణకు చెందిన ఒక తల్లి గుడి మెట్ల మీద నన్ను ఆపింది. ఆమె చెప్పిన సంగతి పాపసంకీర్తనంలో చెప్పినది కాదు. ఆ కుటుంబం అనుమతితోనే, వారెవరో తెలియకుండా, ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆమెకు ఒక్కతే కూతురు. శనక్కాయ పంట మీద అప్పు తెచ్చి నర్సింగు చదివించారు. చదువుకునే చోట ఆ అమ్మాయికి ఒక యువకుడితో పరిచయమైంది. అతడు మారేడుమిల్లి వైపు అడవి పల్లెలో పుట్టిన కొండరెడ్డి కుర్రవాడు, జ్ఞానస్నానం పొందినవాడు. తన పల్లెకు దగ్గరలోనే బడిపంతులుగా పనిచేస్తున్నాడు. పెండ్లి చేసుకుని అక్కడే కాపురముంటానని, ఆ పల్లెల్లోనే నర్సుగా పనిచేస్తానని అమ్మాయి నిశ్చయించుకుంది.

"ఫాదర్, మా పాప ఆ అడివికి పోతానంటాంది. ఆడ జరమొస్తే దిక్కెవరు? వానాకాలమొస్తే దోవ గూడ ఉండదంట. మా మాట ఇనదు. మీరన్నా ఒక మాట చెప్పి ఆపండి" అని ఆ తల్లి కన్నీరు పెట్టుకుంది. పక్కన నిలబడిన తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నేల చూస్తూ, "వాళ్ళు మన జనం గాదు గదా, సామీ" అన్నాడు.

తల్లి భయం వేరు, తండ్రి భయం వేరు. తల్లిది బిడ్డ ప్రాణం గురించిన భయం. తండ్రిది నలుగురి నోటి గురించిన భయం. బయటికి వచ్చేటప్పుడు మాత్రం రెండూ "వద్దు" అనే ఒక్క మాటగానే వస్తాయి. మొదటి భయం ప్రేమలోనుంచి పుట్టింది. రెండవ దానిని కూడా అదే ప్రేమ అని మనం పొరబడుతుంటాము.

"నాకు ఒక వారం గడువివ్వండి" అని వారిని పంపాను. గడువు ఎందుకు అడిగానో కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రిందట మరొక విచారణలో ఒక అమ్మాయి ఈశాన్య రాష్ట్రాల కొండల్లో సేవ చేసే మఠంలో చేరతానని నా వద్దకు వచ్చింది. నేను ఆమెను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలైనా అడగకుండా, "తల్లిదండ్రులు పెద్దవాళ్లయ్యారు, ఇంటి దగ్గరే ఉండమ్మా" అని పంపేశాను. ఆమె విధేయతతో వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడో కలిసినప్పుడు, "మీరు నన్ను వద్దన్నందుకు బాధ లేదు ఫాదర్, అసలు అడగకుండానే వద్దన్నారు" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. అందుకే ఈ వారం పాఠం.

1. అపాయం ఎక్కడ ఉంది?

ముందుగా మన ఊరి సంగతే చూద్దాము. పత్తికొండలో మన్రో దొర పేరు తెలియని పెద్దలు లేరు. స్కాట్లాండులో పుట్టిన థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. గుర్రం మీద పల్లెపల్లె తిరిగాడు, తెలుగు నేర్చుకున్నాడు, రైతులతో నేరుగా మాట్లాడి శిస్తు నిర్ణయించాడు. తర్వాత మద్రాసు గవర్నరు అయ్యాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళే ముందు తాను ఒకప్పుడు తిరిగిన ఈ సీమను మరొక్కసారి చూడాలని బయలుదేరాడు. ఆ ప్రయాణంలో కలరా సోకి 1827 జూలై 6న మన పత్తికొండలోనే కన్నుమూశాడు. భార్య బిడ్డతో అంతకు ముందే స్వదేశానికి వెళ్ళిపోయింది. ఆయన జ్ఞాపకార్థం ఇక్కడ బావి తవ్వించి, చింతతోపు వేయించారు.

ఆయన కంపెనీ ప్రభుత్వపు ఉద్యోగి. ఆ రోజుల పన్నుల భారాన్ని మనం మరచిపోనక్కర లేదు. ఇక్కడ నేను గుర్తుచేసేది ఒక్కటే. ఆయనకు చావు పులులు తిరిగే అడవిలో రాలేదు, వాన మొగం చూడని ఈ ఎర్రనేల మీద వచ్చింది. అపాయమంటే మన కళ్ళముందు అడవి, చీకటి, పాము మెదులుతాయి. మన వీధిలో ఉన్న అపాయాన్ని అలవాటు చేసుకుని దానికి ఆ పేరు పెట్టము. పురుగుమందు డబ్బాలు, సారాయి, వడ్డీ, వరకట్నం మన ఊళ్ళలో ఎంతమంది బిడ్డలను మింగాయో మీకు నేను చెప్పాలా? కాబట్టి అడవిలో అపాయం లేదని చెప్పడం లేదు. ఊళ్ళో లేదని అనుకోవడం పొరపాటని చెబుతున్నాను.

2. భర్త వెంట అడవికి వచ్చిన బెట్టి

మన తెలుగు దేశంలోనే ఇటువంటి ప్రయాణం చేసిన ఒక పరాయి దేశపు స్త్రీ కథ ఉంది. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆమెకు ఇంకొంచెం చోటు దొరికితే బాగుండును.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1909లో వియన్నా నగరంలో పుట్టాడు. మానవ సమాజాలను అధ్యయనం చేసే పండితుడు. 1936, 37 సంవత్సరాల్లో నాగా కొండల్లో ఉండి పరిశోధన చేశాడు. 1938లో ఆయన ఎలిజబెత్ బర్నార్డో అనే ఇంగ్లీషు యువతిని వివాహమాడాడు. అందరూ ఆమెను బెట్టి అని పిలిచేవారు. 1939లో ఇద్దరూ ఇండియాకు వచ్చారు. అంతలోనే రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లరు అప్పటికే కలుపుకున్నందున హైమెండార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశపు మనిషి. ఆయన స్వేచ్ఛగా తిరగకుండా ఆంక్షలు పెట్టారు. చివరికి నిజాం సంస్థానంలో ఉండేందుకు అనుమతి దొరికింది. ఆ విధంగా, తన దేశం శత్రువుగా లెక్కపెట్టిన భర్త పక్కన నిలిచి, ఒక ఇంగ్లీషు యువతి మన అడవుల్లో అడుగుపెట్టింది.

1940లో వారు నల్లమలలో కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న అమ్రాబాదు పీఠభూమికి వెళ్ళి చెంచుల మధ్య ఉన్నారు. ఆత్మకూరు నుండి దోర్నాల వైపు పోయేటప్పుడు మనం బస్సు కిటికీలోనుంచి చూసే అడవికి అది తోబుట్టువు. ఇప్పపూలు ఏరుకుని, గడ్డలు తవ్వుకుని, తేనె పట్టుకుని బ్రతికే వారి జీవితాన్ని గురించి హైమెండార్ఫ్ వ్రాసిన పుస్తకం 1943లో వెలువడింది. ఆ తర్వాత గోదావరి ఒడ్డున పాపికొండల ప్రాంతంలో కొండరెడ్ల మధ్య, ఆదిలాబాదు అడవుల్లో గోండుల మధ్య నివసించారు. కొండరెడ్ల గురించి 1945లో, రాజగోండుల గురించి 1948లో వచ్చిన పుస్తకాల మీద బెట్టి సహకారంతో వ్రాసినవని ఆమె పేరు కూడా అచ్చయింది.

నల్లమల నిజానికి వర్షారణ్యం కాదు. ఎండాకాలం ఆకు రాల్చే అడవి. ఏడాది పొడవునా తడి ఆరని, సూర్యుడు నేలకు కనిపించని అడవిని వర్షారణ్యం అంటారు. ఆ దంపతులు దానిని కూడా చూశారు. 1944, 45 సంవత్సరాల్లో వారిద్దరూ నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సుబన్‌సిరి కొండల్లో అపతానీల లోయకు ప్రయాణం చేశారు. అప్పటికి బయటి ప్రపంచం అంతగా ఎరుగని సీమ అది.

మనకు ముఖ్యమైనది ఆదిలాబాదు అధ్యాయం. 1940లో తమ భూమి కోసం, అడవి మీద హక్కు కోసం తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీమ్ జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాడు. ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పంపింది. దంపతులు మార్లవాయి అనే గోండు గ్రామంలో నివాసమున్నారు. అడవిని రిజర్వు చేయడం వల్ల, బయటివారు భూములు ఆక్రమించుకోవడం వల్ల గోండులు నిరాశ్రయులవుతున్నారని ఆయన ప్రభుత్వానికి తెలియజేశాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ మొదలైంది. మొదట గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు. 1945లో ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన విషయాల సలహాదారు అయ్యాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించాడు.

తర్వాత వారు లండనులో స్థిరపడ్డారు. కాని ఆ గ్రామాన్ని మరువలేదు. మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నారు. 1987 జనవరిలో బెట్టి హైదరాబాదులో మరణించింది. ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో హైమెండార్ఫ్ లండనులో మరణించాడు. ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. నేటి కుమ్రం భీమ్ ఆసిఫాబాదు జిల్లాలోని ఆ పల్లెలో గోండులు ప్రతి జనవరిలో ఆమె వర్ధంతి జరుపుకుంటారు.

ఇది పునీతుల చరిత్ర కాదు. వారు సువార్త చెప్పడానికి రాలేదు, అధ్యయనం కోసం వచ్చారు. వారి పుస్తకాల్లో బయటివారి చూపు ఉందని నేటి గిరిజన విద్యావంతులు చెబితే అందులో సత్యం ఉండవచ్చు. అయినా ఒక్క సంగతి గమనించండి. భర్త మీది ప్రేమ ఆమెను అడవికి తెచ్చింది. ఆ ప్రేమ భర్త దగ్గరే ఆగిపోలేదు, అతడు ప్రేమించిన జనందాకా విస్తరించింది. అందుకే చనిపోయిన తర్వాత ఆమె ఎక్కడ ఉండాలనుకున్నదంటే, ఆ జనం మధ్యనే. పరాయిదానిగా వచ్చి ఆ ఊరి మట్టిలో కలిసిపోయింది.

3. రూతు, రిబ్కా

పరిశుద్ధ గ్రంథంలో ఇదే ప్రశ్న రెండుసార్లు స్పష్టంగా వస్తుంది.

మొదటిది రూతు గ్రంథం. రూతు మోవాబు స్త్రీ. భర్త చనిపోయాడు. అత్త నవోమి బేత్లెహేముకు తిరిగి బయలుదేరుతూ, నీ పుట్టింటికి వెళ్ళి మళ్ళీ పెండ్లి చేసుకొమ్మని కోడలికి మంచిమాటే చెప్పింది. తోడికోడలు ఓర్ఫా కన్నీళ్ళతో తిరిగి వెళ్ళింది. గ్రంథకర్త ఓర్ఫాను ఒక్క మాట కూడా నిందించలేదని గమనించండి. తిరిగి వెళ్ళడం పాపం కాదు. రూతు మాత్రం అత్తను వదలక, ఆమె ప్రజలనూ ఆమె దేవుణ్ణీ తనవారిగా చేసుకుంది. బేత్లెహేములో ఆమె పరాయి జాతి స్త్రీ, పేదరాలు, పరిగె ఏరుకుని బ్రతికింది. మన పక్క కూలి ఆడవారికి పరిగె ఏరుకోవడమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు. అయినా మత్తయి సువిశేషం మొదటి అధ్యాయంలో యేసుప్రభువు వంశావళిలో ఆ పరాయిదాని పేరు ఉంది. "వాళ్ళు మన జనం గాదు" అనే మాట ప్రభువు వంశవృక్షం ముందు నిలబడగలదా?

రెండవది ఆదికాండము 24వ అధ్యాయం. అబ్రహాము సేవకుడు ఈసాకు కోసం వధువును వెదుకుతూ దూరదేశం వచ్చాడు. రిబ్కా పుట్టింటివారు ఏమి చేశారు? అమ్మాయిని పిలిచి, ఇతని వెంట వెళతావా అని అడిగారు. వెళతానని ఆమె చెప్పింది. అప్పుడు వారు ఆమెను ఒంటరిగా పంపలేదు. చిన్నప్పటి నుండి సాకిన దాదిని తోడిచ్చి, దీవించి పంపారు. వేల ఏళ్ల నాటి ఆ పశువుల కాపరుల కుటుంబం చేసిన మూడు పనులు చూడండి: అడిగారు, తోడిచ్చారు, దీవించారు. మన క్రైస్తవ కుటుంబాల్లో ఎన్ని ఈ మూడూ చేస్తున్నాయి?

శ్రీసభ చట్టం కూడా ఇదే చెబుతుంది. వివాహాన్ని ఏర్పరచేది వధూవరుల స్వేచ్ఛాయుతమైన సమ్మతి. దాని స్థానంలో మరే మానవ అధికారమూ నిలవదని 1057వ కానూను బోధిస్తుంది. బలవంతం వల్ల గాని, బయటినుండి కలిగించిన తీవ్రమైన భయం వల్ల గాని చేసుకున్న వివాహం చెల్లదని 1103వ కానూను చెబుతుంది. కాబట్టి "చస్తాను" అని బెదిరించి కూతురికి నచ్చని పెండ్లి చేసే తల్లిదండ్రులు ఆమె జీవితంతోనే కాదు, దివ్యసంస్కారంతో కూడా ఆటలాడుతున్నారు.

4. వెంబడించదగిన ప్రేమ ఏది?

అయితే ప్రేమ అని పేరు పెట్టుకున్న ప్రతిదాని వెంట పరుగెత్తమని నేను యువకులకు చెప్పడం లేదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మా గురువులు పునీత తోమాసు అక్వినాసు గారి ఒక విభజనను మాచేత వల్లె వేయించారు. ఆయన బోధ ప్రకారం ప్రేమించడమంటే ఒకరికి మేలు కోరడం. ఆ కోరికకు రెండు కొసలున్నాయి: మేలు, ఆ మేలు ఎవరి కోసమో ఆ వ్యక్తి. ఒక వస్తువును నా కోసం కోరితే అది వాంఛతో కూడిన ప్రేమ. ఒక మనిషికి అతని కోసమే మేలు కోరితే అది స్నేహంతో కూడిన ప్రేమ.

దీనిని మన భాషలో చెప్పుకుందాము. బావిలో నీళ్ళు చల్లగా ఉన్నాయని ఇష్టపడతాము. అది నీళ్ళ మేలు కోరడం కాదు, మన దాహం తీరడం. కొంతమంది మనిషిని కూడా అట్లే ప్రేమిస్తారు. దాహం తీరినన్నాళ్ళే ఆ ప్రేమ. అడవి అందం చూసి, కొత్త మనిషి వింత చూసి, ఇంట్లో గొడవల నుండి తప్పించుకోవాలని వెళ్ళేవారు నిజానికి ఎవరి వెంటా వెళ్ళడం లేదు, తమ దాహం వెంట వెళుతున్నారు. మొదటి వానాకాలానికే ఆ ప్రేమకు బూజు పడుతుంది.

కాబట్టి అటువంటి నిర్ణయం ముందు నిలబడిన యువతీ యువకులకు నేను మూడు ప్రశ్నలు ఇస్తాను.

ఒకటి: నీవు ఆ మనిషి దగ్గరికి వెళుతున్నావా, లేక ఈ ఇంటి నుండి పారిపోతున్నావా? 

రెండు: నీవు అతణ్ణి ఒక్కణ్ణే కోరుకుంటున్నావా, లేక అతని తల్లిని, అతని భాషను, అతని ఊరి చెలిమను కూడా స్వీకరిస్తున్నావా? రూతు నవోమి ప్రజలను కూడా తనవారిగా చేసుకుంది. బెట్టి మార్లవాయిని తన ఊరుగా చేసుకుంది.

మూడు: అతడు నీ మేలు కోరుతున్నాడా? నీకు జ్వరం వచ్చినప్పుడు, నీ తల్లి గుర్తుకొచ్చి ఏడ్చినప్పుడు, నీ ఉద్యోగం కోసం వేరే పల్లెకు పోవలసి వచ్చినప్పుడు అతడు ఏమంటాడో నీకు తెలుసా? వెంట వెళ్ళే ప్రేమకు ఎదురు వచ్చే ప్రేమ ఉండాలి. అది లేనిచోట అడవి కంటే ఆ ఇల్లే ప్రమాదం.

5. ధైర్యం, దుస్సాహసం

అపాయాన్ని లెక్కచేయకపోవడం ధైర్యమని చాలామంది అనుకుంటారు. పిరికితనానికీ దుస్సాహసానికీ నడుమ ఉండేదే ధైర్యమని అరిస్టాటిల్ నుండి అక్వినాసు గారి దాకా పెద్దలు నేర్పారు. పిరికివాడు చేయదగిన మేలు చేయడు. దుస్సాహసి మేలు ఏదో చూడకుండా దూకుతాడు. ధైర్యవంతుడు అపాయాన్ని పూర్తిగా చూస్తాడు, దాని విలువ కట్టుకుంటాడు, ఆ మేలు అంతటిదైతే ముందుకు పోతాడు.

శ్రీసభలో దీనికి ఒక ఉదాహరణ దక్షిణ అమెరికా వర్షారణ్యం నుండి వచ్చింది. ఈక్వడార్ దేశంలో అలెహాంద్రో లబాకా గారు కపూచిన్ సభకు చెందిన మేత్రాణులు. స్పెయిన్ దేశంలోని బాస్కు సీమలో 1920లో పుట్టారు. ఏళ్ల తరబడి అమెజాన్ అడవిలోని వావొరాని జనంతో మెలిగి, వారి ఒక కుటుంబానికి పెంపుడు కొడుకయ్యారు. ఇనెస్ అరాంగో గారు కొలంబియా దేశంలో 1937లో పుట్టిన కపూచిన్ సోదరి. ఆ అడవిలో తగాయెరి అనే చిన్న తెగ బయటివారిని దగ్గరికి రానిచ్చేది కాదు. వారి నేలలోకి చమురు కంపెనీలు ప్రవేశించబోతున్నాయి. అదే జరిగితే ఆ జనానికి ప్రాణాపాయమని తెలిసి, ముందుగా వారితో మాట్లాడి రక్షించాలని వీరిద్దరూ 1987 జూలై 21న హెలికాప్టరులో అక్కడ దిగారు. ఏమి జరగవచ్చో ఇద్దరికీ తెలుసు. తగాయెరి ప్రజలు వారిని ఈటెలతో పొడిచి చంపారు.

తమవారిని కాపాడుకుంటున్నామనుకున్న ఆ జనం మీద మనం కోపగించుకోనక్కర లేదు. బయటి నుండి వచ్చిన మనిషి మేలు చేస్తాడని నమ్మడానికి వారికి కారణం కనిపించలేదు. 2017లో పోపు ఫ్రాన్సిసు గారు, ఇతరుల కోసం ప్రేమతో ప్రాణాన్ని అర్పించడాన్ని పునీత పట్టానికి ఒక ప్రత్యేక మార్గంగా గుర్తించారు. ఆ మార్గంలో లబాకా గారి, ఇనెస్ గారి ప్రాణార్పణను గుర్తించే ఆజ్ఞను 2025 మే నెలలో పోపు 14వ లియో గారు ఆమోదించారు.

ఈ సంగతి చెప్పి మీ బిడ్డలను ప్రమాదంలోకి తోయడం నా ఉద్దేశం కాదు. వారిద్దరూ ఆ దినం చేతికందిన సాహసం చేయలేదు. ఏళ్ల తరబడి ఆ అడవిని, ఆ భాషను నేర్చుకున్న తర్వాత, ఒక జనం ప్రాణం తూకంలో ఉన్నప్పుడు వెళ్ళారు. ముందుచూపు లేని ధైర్యాన్ని శ్రీసభ సుగుణమని పిలవదు. అడవికి పోయే నర్సుకు కూడా ముందుచూపు కావాలి: దోమతెర, మలేరియా మందు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో, వానాకాలంలో ఏ దారి తెగిపోతుందో తెలియాలి. ఇవి విశ్వాసం తక్కువైనవారి లెక్కలు కావు. ప్రేమించినవారి లెక్కలు.

6. చెంచుల తాడు

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట. దీనిని మన నల్లమల చెంచుల వద్ద నేర్చుకుందాము.

కొండకొమ్ముల కింద పెద్ద తేనెతుట్టెలు వ్రేలాడుతుంటాయి. వాటిని తీయడానికి చెంచు యువకుడు పైనుండి తాడు పట్టుకుని, లోయ మీద వ్రేలాడుతూ దిగుతాడు. కింద బండలు, చుట్టూ ఈగలు. పైన ఆ తాడు ఎవరి చేతిలో ఉంటుంది? వారి ఆచారం ప్రకారం బావమరిది చేతిలో. కారణం సులభం. భార్య తోడబుట్టినవాడు తాడు వదలడు. వదిలితే తన చెల్లెలి పసుపుకుంకుమలే పోతాయి.

ఈ ఆచారంలో గొప్ప వివేకం ఉంది. వారు తేనె వద్దనలేదు. కొండకొమ్ము ప్రమాదం కాబట్టి ఎవరూ దిగకూడదనీ అనలేదు. దిగేవాడికి తాడు ఉండాలన్నారు, ఆ తాడు ప్రేమించేవారి చేతిలో ఉండాలన్నారు.

బిడ్డ దూరం పోతానన్నప్పుడు తల్లిదండ్రులకు రెండు దారులే ఉన్నాయని అనుకుంటారు. ఒకటి కాళ్ళు కట్టి ఇంట్లో కూర్చోబెట్టడం. రెండవది, "పోతే పో, మా గడప తొక్కవద్దు" అని తాడు కోసేయడం. రెండవది మన సీమలో ఎక్కువ. పౌరుషం పేరిట ఎన్ని ఇళ్ళలో కూతురి ఫోటో గోడ మీద నుండి దిగిపోయిందో నాకు తెలుసు. ఆ కూతుళ్ళకు అత్తింట్లో కష్టం వచ్చినప్పుడు తిరిగి రావడానికి గడప లేదు. వారిలో కొందరిని అడవి చంపలేదు, తెగిన తాడు చంపింది.

మూడవ దారి ఉంది. అడగండి, చూడండి, సరిచేయండి, తర్వాత తాడు పట్టుకోండి. తాడు పట్టుకోవడమంటే పండుగకు వెళ్ళి చూసి రావడం. వారానికొకసారి ఫోను. కూతురి పేరుమీద నాలుగు రూపాయలు. "ఎప్పుడొచ్చినా ఈ ఇల్లు నీదే" అనే మాట. ఈ తాడు పట్టుకునే బాధ్యత కుటుంబానిది మాత్రమే కాదు, విచారణది కూడా. మనం పెండ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు చదివి ఊరుకుంటాము. ఆ తర్వాత ఆ జంట ఏమైందో అడిగేవారెవరు?

7. ఆ కుటుంబం ఏమి చేసింది?

వారం తర్వాత ఆ ముగ్గురూ వచ్చారు. అమ్మాయికి నా మూడు ప్రశ్నలు ఇచ్చాను. మొదటి రెండింటికి వెంటనే జవాబు చెప్పింది. మూడవ దాని దగ్గర ఆగింది. "అతన్ని అడిగి చెబుతాను ఫాదర్" అంది. ఆ జవాబు నాకు నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పగల ప్రేమకు కాళ్ళు నేల మీద ఉన్నాయి.

తండ్రితో నేను వాదించలేదు. "ఒకసారి పోయి చూసి రా నాయనా, చూడకుండా వద్దంటే రేపు నీకే బాధ" అన్నాను. బస్సు ఛార్జీ ఎక్కువని గొణిగాడు గాని వెళ్ళాడు. రెండు రాత్రులు ఆ పల్లెలో ఉన్నాడట. కుర్రవాడి తల్లి తమకున్న ఒక్క నులకమంచం ఈయనకిచ్చి, తాను నేల మీద పడుకుందట. తిరిగి వచ్చి ఒక మూట పసుపు, రెండు పనసకాయలు మా వరండాలో దించాడు. "వాన జాస్తి సామీ. దోవ మంచిది గాదు. ఆసుపత్రి దూరం" అని లోపాలన్నీ వరుసగా చెప్పాడు. చివర, "మనుషులు మాత్రం మనట్లాంటోళ్ళే" అన్నాడు. మొదటిసారి నేల చూస్తూ మాట్లాడిన మనిషి ఈసారి నా ముఖం చూసి మాట్లాడాడు.

తల్లి ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. రాత్రి నిద్రలేచి జపమాల చెబుతున్నానని అంటుంది. ఆ జపమాల కూడా ఒక తాడే అని ఆమెకు చెప్పాను. పెండ్లి ప్రకటనలు మాత్రం వచ్చే నెలలో చదవబోతున్నాము. వానలు తగ్గిన తర్వాత పెండ్లి. మొదటి ఏడు వానాకాలం నాలుగు నెలలు రోడ్డు పక్క ఊళ్ళో ఇల్లు తీసుకుని ఉండాలని అమ్మాయి తండ్రి, అబ్బాయి కలిసి నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం నేను చెప్పినది కాదు. ఒకరికొకరు మేలు కోరితే దారి ఎలా దొరుకుతుందో దాన్ని చూసి నేనే నేర్చుకున్నాను.

ఇంటిల్లిపాదీ ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో బిడ్డల పెండ్లి, చదువు, దైవపిలుపు విషయంలో వారిని అడిగి నిర్ణయిస్తున్నామా, లేక చెప్పి ఒప్పిస్తున్నామా?

2. మన "వద్దు"లో బిడ్డ క్షేమం ఎంత ఉంది, నలుగురి నోరు ఎంత ఉంది? ఇద్దరూ విడివిడిగా ఒక కాగితం మీద వ్రాసి చూసుకోండి.

3. మన ఊరికి కోడలిగా, అల్లుడిగా, కూలిగా, ఉద్యోగిగా వచ్చిన పరాయివారిని మనం ఎట్లా చూస్తున్నాము? రూతు మన చేలో పరిగె ఏరుకోవడానికి వస్తే ఏమంటాము?

4. తాడు తెగిన కూతురో కొడుకో మన బంధువుల్లో ఉన్నారా? ఈ వారం వారికి ఒక్క ఫోను చేయగలమా?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నీ కుమారుడు మా పట్ల ప్రేమతో తన ఇంటిని విడిచి మా మధ్యకు పరాయివాడుగా వచ్చెను. ప్రేమ వెంట దూరం వెళ్ళే మా బిడ్డలకు ముందుచూపును, ధైర్యమును ప్రసాదించండి. వారిని పంపే మాకు, పట్టుకున్న తాడు వదలని చేతులను దయచేయండి. మరియతల్లీ, నీవు కూడా నీ కుమారుణ్ణి పంపిన తల్లివి. ఈ తల్లుల కొరకు ప్రార్థించండి. ఆమెన్.